రాతిముక్కు అవతల చంద్రుడు

ఉక్కు కర్మాగారంలో ఫొటోగ్రాఫర్ అంటే రిబ్బన్లు కత్తిరించే పెద్దల వెంట కెమెరా పట్టుకుని తిరిగేవాడని చాలామంది అనుకుంటారు. అలాంటి రోజులు ఏడాదికి పది కూడా ఉండవు. తక్కిన రోజుల్లో నేను విరిగిన గేరుపళ్ళు తీశాను. తుప్పుకు చిల్లులు పడ్డ గొట్టాలు తీశాను. కాలిపోయిన కేబుళ్ళు, బీటలిచ్చిన పునాదులు, ప్రమాదం జరిగినచోట నేలమీద సుద్దతో గీసిన గీతలు తీశాను. ముప్ఫై రెండేళ్ళలో ఒక్క ఫొటో కింద నా పేరు పడలేదు. వేయమని నేనూ అడగలేదు. అడగడం మా ఇంట అలవాటు లేదు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్ళ దగ్గర నేను కలలో కూడా చూడని కెమెరాలున్నాయి. వాటి గురించి నేను చెప్పేదేమీ లేదు. ఒక పాఠం గురించి మాత్రం చెప్పగలను. దాన్ని ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి, దిగిపోయే ముందు ఇంకోసారి నేర్చుకున్నాను. మొదటిసారి కొలిమి దగ్గర. రెండోసారి చంద్రగ్రహణం రోజున.

గాలి ఎవరి బంట్రోతు?

నేను చేరేనాటికి దామోదరంగారు మా ఫొటో సెక్షన్‌కు పెద్ద. అనకాపల్లి మనిషి. పొట్టిగా, బిగుతుగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండేవారు. మంచి పనివాడు. మంచి మనిషి అని మాత్రం చెప్పలేను. తప్పు దొరికితే నలుగురి ముందూ కడిగేసేవారు. ఒప్పు కనబడితే తలుపు మూసుకుని కూడా ఒక్కమాట అనేవారు కాదు. మా తాతగారికి నాలుగు ఊళ్ళ మొఖాసా, అంటే ఆ ఊళ్ళ శిస్తు హక్కు, ఉండేదని, అది నాన్నగారి హయాంలోనే పోయిందని ఎవరు చేరవేశారో, మొదటివారంలోనే నాకు 'రాజావారు' అని పేరు పెట్టారు.

కొలిమి నుంచి కరిగిన ఇనుము వదిలే క్షణాన్ని తీయమని నాకు మొదటిసారి పని అప్పజెప్పారు. నేను ముందురోజు ఉదయం వెళ్ళి, చోటు చూసుకుని, నేలమీద గుర్తు కూడా పెట్టుకున్నాను. మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఇనుము వదిలారు. సముద్రం వైపు నుంచి గాలి లేచి పొగంతా నా ముఖం మీదికి వచ్చింది. ఫిల్ము కడిగితే బూడిదరంగు తప్ప ఏమీ లేదు.

దామోదరంగారు నెగెటివ్‌ను కిటికీకి ఎత్తిపట్టి చూశారు.

"రాజావారూ, చోటు చూడ్డానికి ఏ వేళకెళ్ళారు?"

"ఉదయం తొమ్మిదింటికి సార్."

"ఇనుము వదిలింది?"

"నాలుగింటికి సార్."

"గాలేమన్నా మీ దివాణం బంట్రోతా? పొద్దున్న నిలబెట్టిన కాడే సాయంత్రందాకా నిలబడ్డానికి?"

గదిలో ఉన్న ముగ్గురూ నవ్వారు. నా వీపు ఇంకాస్త నిటారైంది. అవమానం జరిగినప్పుడు మా ఇంట్లోవాళ్ళందరికీ అలాగే అవుతుంది. వాళ్ళు బయటికి వెళ్ళాక ఆయన కొంచెం గొంతు తగ్గించి చెప్పారు.

"ఏ వేళకి తియ్యాలో ముందునాడు ఆ వేళకే ఎళ్ళు. కెమెరా ఒద్దు. ఉత్త చేతుల్తో నిలబడు. ఏటి జరుగుతందో చూడు. చుట్టుపక్కలోళ్ళని అడుగు. అంతే పని. బొత్తాం నొక్కడం కోతికైనా వచ్చు."

ఆ మాట ముప్ఫై ఏళ్ళు పాటించాను. అందులో నాకు కష్టమైనవి రెండే ముక్కలు. ఉత్త చేతులతో నిలబడటం, చుట్టుపక్కలవాళ్ళని అడగటం.

తాతగారి స్టాండు

జీతానికి తీసినవి కర్మాగారానివి. గ్రహణాలు మాత్రం నావి. వాటి విషయంలో నేను చివరిదాకా అమెచ్యూర్‌నే.

మా తాతగారు గాజు పలకల కెమెరాతో చంద్రగ్రహణాలు తీసేవారు. ఆ రోజుల్లో ఈ ప్రాంతంలో అలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ఎంతమందో నాకు తెలియదు. కెమెరా నాన్నగారి కాలంలోనే అమ్ముడుపోయింది. పలకలు ఇల్లు మారేటప్పుడు పగిలాయి. నా దాకా వచ్చినవి రెండు. తాతగారి నోటుపుస్తకం ఒకటి. టేకుకర్రతో చేసిన మూడుకాళ్ళ స్టాండు ఒకటి. దాని నెత్తిన గుండ్రటి ఇత్తడి పళ్ళెం ఉంటుంది. దానికి కొత్త మర వేయించి నా కెమెరా బిగించుకునేవాణ్ణి.

నోటుపుస్తకం ఆఖరి పేజీలో తాతగారు ఒకే వాక్యం రాసుకున్నారు: "గ్రస్తోదయం ఒక్కటీ చిక్కలేదు." గ్రస్తోదయమంటే చంద్రుడు గ్రహణం పట్టి ఉండగానే ఉదయించడం. ఆకాశంలో ఇంకా వెలుగుంటుంది, చంద్రుడు మసకగా ఉంటాడు. ఆనాటి పలకలకు అది అందలేదు. ఇల్లు పోయింది, భూములు పోయాయి. వాటిని నేను తిరిగి తేలేను. ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం కొట్టివేయగలను అనుకున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి, ముప్ఫై ఏళ్ళు నాకు ఇంతకన్నా పెద్ద కోరిక లేదు.

ఉక్కునగరంలో మా క్వార్టరుకు చేపలు తెచ్చే నూకాలమ్మది, ఒకప్పుడు మా మొఖాసాలో ఉన్న పల్లెకారుల ఊరే. నాకంటే రెండుమూడేళ్ళు చిన్నదేమో. ఒకరోజు వరండాలో స్టాండుకు నూనె రాస్తుంటే చూసి ఆగింది.

"ఇదేటి బాబూ, మూడుకాళ్ళ గుర్రమా?"

"మా తాతగారి కెమెరా స్టాండు."

ఆమె గంప దించి, ఇత్తడి పళ్ళెం మీద అరచెయ్యి వేసి ఊపి చూసింది. "గట్టిగుంది. దీని మీద నా గంప ఎట్టుకుంటే నడుం ఒంచక్కర్నేదు. ఒంగి ఒంగి ఈపు ఇరిగిపోతంది."

"అది గంపలు పెట్టేది కాదు" అన్నాను. అవసరమైన దానికంటే గట్టిగానే అన్నాను.

"అవున్లే. దివాణంది గదా" అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మూడు గ్రహణాలు, మూడు తప్పులు

మొదటి గ్రహణానికి ఫిల్ము మొత్తం పాడుచేశాను. నిండుచంద్రుడు ఎండలో ఉన్న రాయి. సెకనులో నూరో వంతు చాలు. అదే చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్ళాక రెండు సెకన్లు ఇచ్చినా చాలకపోవచ్చు. నేను రెంటికీ నడుమ ఒకే లెక్కతో చివరిదాకా తీశాను. సగం ఫిల్ములో సున్నంబిళ్ళ, మిగతా సగంలో చీకటి.

రెండోది మా క్వార్టర్ల డాబా మీద తీశాను. చంద్రుళ్ళందరూ జంటలుగా వచ్చారు. నీళ్ళ మోటారు నడుస్తున్నంతసేపూ డాబా సన్నగా అదురుతుందని కాలికి తెలియలేదు, ఫిల్ముకు తెలిసింది.

మూడోసారి ఉప్పుగాలికి లెన్సు మీద పొర కట్టింది. చూసుకోలేదు. సముద్రం పక్కన ప్రతి పది నిమిషాలకూ లెన్సు తుడవాలి. ఇది ఈ ఊళ్ళో ఉన్నవాడికి ఎవరూ చెప్పకుండానే తెలియాలి.

ఆ తరువాతవి బాగానే వచ్చాయి. అవన్నీ నడినెత్తిన పట్టిన గ్రహణాలు. చంద్రుడు నెత్తిమీద ఉన్నప్పుడు నువ్వు ఏ దిక్కున నిలబడ్డా ఒకటే. నా తప్పుకు విత్తనం అక్కడే పడింది.

రాతిముక్కు

ఉద్యోగం రెండు నెలల్లో ముగుస్తుందనగా మాఘ పౌర్ణమికి గ్రస్తోదయం వచ్చింది. పొద్దు వాలుతుండగా చంద్రుడు ఒక అంచు కొరుక్కుపోయి పైకి వస్తాడు. ఇంకో అరగంటకు పూర్తిగా నీడలోకి వెళ్ళి ఎర్రబడతాడు. సముద్రం మీద, రేవులోకి వెళ్ళడానికి లంగరేసి ఉన్న ఓడల పైన ఎర్రచంద్రుడు. ఇంతకంటే ఎవరికేం కావాలి?

చోటు కోసం నేను వెతకలేదు. కర్మాగారానికి దక్షిణంగా తీరంలో ఒక రాతిగుట్ట సముద్రంలోకి పొడుచుకుపోయి ఉంటుంది. రాతిముక్కు అంటారు. దాని ఉత్తరపు పక్కన నూకాలమ్మ వాళ్ళ పల్లె. దక్షిణపు పక్కన ఎవరూ ఉండరు. మా కర్మాగారం కేలెండర్ కోసం సూర్యోదయాలు ప్రతి చలికాలమూ ఆ దక్షిణపు పక్కనుంచే తీసేవాణ్ణి. సూర్యుడు ఏ ఓడ మీద లేస్తాడో కళ్ళు మూసుకుని చెప్పగలను. గ్రహణానికి ముందురోజు కూడా ఉదయమే వెళ్ళి చూసివచ్చాను.

సాయంత్రం ఎందుకు వెళ్ళలేదో చెప్పాలి. సాయంత్రమైతే పల్లె అంతా ఒడ్డునే ఉంటుంది.

మా తాతగారి కాలంలో గ్రహణం విడిచాక, పల్లెవాళ్ళు విడుపు స్నానం చేసి ఒడ్డుకు రాగానే దివాణం తరఫున బియ్యమూ గుమ్మడికాయలూ బట్టలూ దానం ఇచ్చేవారు. నాకు ఏడేళ్ళప్పుడు నాన్నగారు నన్ను కూడా తీసుకుని ఒక గ్రహణానికి అక్కడికి వెళ్ళారు. అప్పటికి ఇంట్లో ఇవ్వడానికి ఏమీ లేదు. వట్టి చేతులతో వెళ్ళారు. నేను గట్టుమీద, జనం వెనకాల ఉన్నాను; వాళ్ళు ఆయన్ని చూసి ఏదో అనుకోవడం, ఎవరో నవ్వడం మాత్రం నాకు గుర్తు. ఆ తరువాత ఏ గ్రహణానికీ నేను ఆ ఒడ్డున అడుగుపెట్టలేదు. అందుకే రాతిముక్కుకు ఇవతలి పక్క నాకు అంత నచ్చేది. పనిలో అహం ఎప్పుడూ అహంలాగా రాదు. ఇది మంచి చోటు, ఇక్కడ రద్దీ ఉండదు, అలవాటైన చోటు అంటూ వస్తుంది.

గ్రహణం నాడు నాలుగింటికే స్కూటరు గుట్టమీద పెట్టి, స్టాండు భుజాన వేసుకుని దిగాను. సూర్యుడు లేచే ఓడవైపు కెమెరా గురిపెట్టాను. వెనక పొద్దు వాలింది. అయిదూ నలభై అయిదు. ఏమీ లేదు. మాఘమాసంలో సముద్రం మీద మంచుపొర ఉంటుంది, అది దాటి పైకి రావాలి అనుకున్నాను. ఆరు. ఆరూ అయిదు. ఓడలు మసకబారుతున్నాయి. లెన్సు మరోసారి తుడిచాను.

వెనకనుంచి ఎవరో రాళ్ళమీద గబగబా వస్తున్న చప్పుడు. నూకాలమ్మ. ఒళ్ళంతా తడి. గ్రహణం పట్టగానే చేసే పట్టు స్నానం చేసి వచ్చినట్టుంది.

"గుట్టమీద నీ బండి సూసి ఒచ్చినాను. ఇక్కడేటి సేత్తన్నావు బాబూ, ఒక్కడివీ?"

"చంద్రుడి కోసం."

ఆమె నా కెమెరా చూసింది, అది చూస్తున్న వైపు చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోడానికి.

"సూరీడు పొడిసే కాడ సెందురుడు పొడుత్తాడేటి? సలికాలం పున్నానికి సెందురుడు భీమిలి దిక్కునుంచి గదా లేత్తాడు! సూరీడు ఇటు పక్కకి ఒరిగితే ఆడు అటు పక్కకి ఒరుగుతాడు. ఎండాకాలం అటూ ఇటూ మారిపోతారు. ఏటకెల్లే గుంటడికైనా తెలుసు."

నేను ఉత్తరానికి తిరిగి చూశాను, రాతిగుట్ట తప్ప ఏమీ లేదు.

"ఎప్పుడో లేచీసినాడు. గుట్ట అడ్డమొచ్చి నీకు కనబడ్నేదు. అటేపు ఊరంతా సూత్తంది."

ముప్ఫై ఏళ్ళు సూర్యోదయాలు తీసినవాణ్ణి. చలికాలపు పౌర్ణమి చంద్రుడు ఈశాన్యం వైపు జరిగి లేస్తాడని నాకు తెలియదు. ముందురోజు సాయంత్రం వచ్చి వట్టి చేతులతో పది నిమిషాలు నిలబడి ఉంటే తెలిసేది. దామోదరంగారు ఎక్కడున్నారో గాని, ఆయన నవ్వు నాకు వినిపించింది.

"గుట్ట ఎక్కి దిగడానికి ఎంతసేపు పడుతుంది?" అన్నాను.

"అప్పటికి ఆడు మొత్తం మునిగిపోతాడు. రాళ్ళ కిందనుంచి నడిసిపోదాం. పోటు మీదుంది గానీ, మొలలోతే. బేగి కానీ."

"నూకాలమ్మా, నేను..." అన్నాను. అవతలికి రానని చెప్పబోయాను.

ఆమెకు అర్థమైంది. నా కేసి సూటిగా చూసింది. "ఇంకా మీ నాన్న సంగతేనా? ఆరోజు ఉత్త సేతుల్తో ఒచ్చాడని?"

"అందరూ నవ్వారు."

"నవ్వరేటి మరి! అంతకుముందు దివాణపోళ్ళెవులూ గట్టు దిగి ఎరగరంట. గొడుగు కింద నిలుసుని ఇచ్చీసి ఎళిపోయేవోరంట. మీ నాన్న ఇవ్వడానికేటీ నేక, పంచె ఎగ్గట్టి మాయమ్మోళ్ళతోపాటు నీళ్ళలోకి దిగిపోనాడంట. కెరటం ఒచ్చి ఎనక్కి పడేసిందంట. అందుకు నవ్వేరు. మాయమ్మ సచ్చిందాకా సెప్పేది, మాతో మునిగిన బాబు ఆ ఒక్కడేనని. పద, పద!"

నా జవాబు కోసం ఆగలేదు. కెమెరా విప్పి నాకిచ్చి, స్టాండు మూడు కాళ్ళూ దగ్గరికి మడిచి నెత్తిన పెట్టుకుని నీళ్ళలోకి దిగింది. కెమెరా గుండెలకు హత్తుకుని నేను వెనకాల దిగాను. ఒకచోట కెరటం నడుం దాటింది. ఆమె వెనక్కి తిరక్కుండానే "కాలు ఎత్తి ఎయ్యకు బాబూ, ఈడ్సి ఎయ్యి" అంది. అలాగే వేశాను.

రాతిముక్కు దాటగానే కనిపించాడు. భీమిలి దిక్కున, నీళ్ళమీద జానెడెత్తులో, ఒక్క గోటి అంచు తప్ప తక్కినదంతా రాగిరంగు. ఊరు ఊరంతా మొలలోతు నీళ్ళలో నిలబడి ఉంది.

"ఎవుల్నే తెత్తన్నావు?" ఎవరో అరిచారు.

"దివాణం బాబు! తాత గుర్రాన్ని ఏసుకొచ్చినాడు!"

"ఇన్నాళ్ళకా!"

"ఒచ్చినోడు ఒచ్చినాడు. సోటివ్వండి ముందు!"

చోటిచ్చారు. తడి ఇసుకలో స్టాండు పాతుకున్నాను. చూస్తుండగానే ఒక కాలు కుంగడం మొదలైంది. నూకాలమ్మ నీళ్ళలోంచి మూడు పలకరాళ్ళు ఏరితెచ్చి ఒక్కో కాలి కిందా ఒకటి తోసింది. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో నాకు తట్టని ఉపాయం. లెన్సు తుడిచాను. ఆఖరి అంచు ఆరిపోయింది. రెండు సెకన్లు, నాలుగు సెకన్లు, మళ్ళీ రెండు. ముందు జనం తలలు, వెనక ఓడల దీపాలు, పైన ఎర్రచంద్రుడు. గంటంబావు పైగా తీశాను. ఆ సేపంతా నాతో ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ నాకు దూరంగానూ నిలబడలేదు.

విడుపు

గ్రహణం పూర్తిగా విడిచాక అందరూ మూడు మునకలు వేశారు. నేను కెమెరాను సంచిలో పెట్టి, ఒక రాతిమీద ఉంచి, వెళ్ళి మునిగాను. కెరటం నన్నూ వెనక్కి పడేసింది. నవ్వారు.

ఒడ్డుకొచ్చి చూసుకుంటే నా చేతుల్లో ఏమీ లేదు. ఇసుకలో స్టాండు నిలబడి ఉంది. ఇత్తడి పళ్ళెం వెన్నెలకు మెరుస్తోంది.

"నూకాలమ్మా, ఇది నువ్వు తీసుకో" అన్నాను.

"ఏటి తీసుకోడం?"

"గంప పెట్టుకోడానికి."

"సాల్లే, వేళాకోళం."

"గ్రహణదానం. మా ఇంట ఇచ్చినది తిరిగి తీసుకోరు."

 ఆమె ఇసుక అంటిన చెయ్యి చీరకు తుడుచుకుని ఇత్తడి పళ్ళెం మీద వేసింది. "ఊగదు గదా?" అని మాత్రం అడిగింది.

కేలెండర్‌కు ఎక్కని ఫొటో

వాటిలో ఒకటి కేలెండర్‌కు ఇచ్చాను. కొత్త అధికారి చూసి, మనుషులు కదిలిపోయారండీ అన్నాడు. నిజమే. నాలుగు సెకన్లపాటు కెరటాల్లో కదలకుండా నిలబడటం ఎవరివల్ల అవుతుంది? తలలన్నీ మసకమసకగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చంద్రుడు మాత్రం ఎక్కడివాడక్కడున్నాడు. అతను వద్దన్నందుకు నాకు కోపం రాలేదు. తాతగారి నోటుపుస్తకంలో ఆ వాక్యాన్ని కొట్టివేద్దామని తెరిచాను. కొట్టివేయలేదు. దాని కింద తేదీ వేసి, "చిక్కింది. నూకాలమ్మ చూపించింది" అని రాశాను. మా ఇంటి పుస్తకాల్లో దేనిలోనూ అంతకుముందు ఒక పల్లెకారుల మనిషి పేరు ఉండి ఉండదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు దామోదరంగారు చెప్పినదానికంటే నేను ఎక్కువ చెప్పలేను. ముందురోజు అదే వేళకు వెళ్ళండి. ఉత్త చేతులతో నిలబడండి. అక్కడుండేవాళ్ళని అడగండి. అడగడం సిగ్గనిపించిన చోట తప్పకుండా అడగండి.

నూకాలమ్మ ఇప్పుడు ఇల్లిల్లూ తిరగడం లేదు. సెక్టారు బజారు మూల వేపచెట్టు కింద స్టాండు వేసి, పైన చెక్కపలక బిగించి, దానిమీద గంప పెట్టుకుని నిలబడి అమ్ముతుంది. మొన్న అటుగా వెళ్తుంటే కేకేసింది.

"బాబూ! మీ తాత కాళ్ళు ఇంకా గట్టిగున్నాయి!"

దగ్గరికి వెళ్ళి చూశాను. టేకు నల్లబడింది, ఇత్తడికి పొలుసులు అంటుకున్నాయి. "ఎడమకాలు కుంగుతోంది. గంప ఒరిగింది. రాయి పెట్టుకోవాలి" అన్నాను.

"ఓయబ్బో! రాయెట్టాలని నీకు నేర్పిందెవులు?" అంది, చేప తోముతూనే. "సేతులు కాళీ నేవు నాకు."

చుట్టూ చూశాను. కాలవగట్టు పక్కన ఒక పలకరాయి కనిపించింది. తెచ్చి, వంగి, కాలి కింద నేనే పెట్టాను.